వినబడని గొంతు వెంట ఆరు రోజులు

మొదటి రోజు, మిలాన్

"బార్సిలోనా చూపిస్తాను నాన్నా, వస్తారా?" అని మా అమ్మాయి అడిగితే "రోంకాల్ వెళ్దాం" అన్నాను. ఐదేళ్లుగా మిలాన్‌లో ఉద్యోగం చేస్తున్న పిల్లకి ఆ పేరు తెలియదు. ఫోన్‌లో వెతికి, "పిరనీస్ కొండల్లో చిన్న పల్లెటూరు. అక్కడేముంది?" అంది.

"ఒక గాయకుడి స్వరపేటిక ఉంది. సీసాలో."

మా ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టి నా వంక చూసింది. "కాశీ అయింది, రామేశ్వరం అయింది. ఇక మిగిలింది ఇదేనా?"

ఆ గాయకుడి పేరు హూలియాన్ గయార్రె. స్పెయిన్ దేశపు టెనర్. పుట్టింది ఆ రోంకాల్‌లోనే. ఒపెరా అంటే పాటలతోనే కథ నడిచే పాశ్చాత్య సంగీత నాటకం. అందులో మగవాళ్ల పై స్థాయి గొంతును టెనర్ అంటారు. కథానాయకుడి పాటలన్నీ దాదాపు ఆ గొంతుకే రాస్తారు. 1870, 80ల్లో మిలాన్, లండన్, మాడ్రిడ్, పారిస్, బ్యూనస్ ఐరిస్ అన్నీ అతని పాట కోసం ఎగబడ్డాయి. ఇవాళ ఆ పాట ఒక్క క్షణం కూడా మనకు వినబడదు. రికార్డు లేదు. అతని గురించి చదివిన రోజు నుంచి నాకు మా నాన్న గుర్తొస్తూనే ఉన్నాడు. తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో కృష్ణుడి వేషం కట్టేవాడు. పద్యం ఎత్తుకుని రాగం తీస్తే చివరి బెంచీ నుంచి "వన్స్‌మోర్" వినబడేదట. "అట" అనే అంటున్నాను, ఎందుకంటే నాకు ఊహ బాగా తెలిసేనాటికే ఆయన నాటకాలు మానేశాడు. టేపు ఒక్కటి కూడా లేదు.

లా స్కాలా ఒపెరా థియేటర్ బయటి నుంచి చూస్తే పాతకాలపు కలెక్టరాఫీసులా ఉంది. లోపల మ్యూజియం టికెట్టు కొంటే, రిహార్సల్ లేని వేళల్లో ఒక బాక్సులోంచి హాలు చూడనిస్తారు. ఎర్ర పట్టు, బంగారు పూత, అంతస్తుల మీద అంతస్తులుగా బాక్సులు. 1876 జనవరి 2న గయార్రె ఇక్కడ మొదటిసారి పాడాడు. దోనిజెట్టి రాసిన 'లా ఫావొరిటా'. తెల్లారేసరికి పేరు మోగిపోయింది. అదే ఏడాది ఏప్రిల్ 8న పొంకియెల్లి 'లా జొకొండా' ఇక్కడే తొలిసారి ఆడితే అందులో నాయకుడు ఎంజో కూడా ఇతనే. ఆ ఒపెరాలో "ఆకాశమూ సముద్రమూ" అని మొదలయ్యే పాటను ప్రతి టెనరూ పాడతాడు. దాన్ని లోకానికి మొదట వినిపించిన గొంతు మాత్రం లేదు.

అక్కణ్ణించి నాలుగడుగులు వేస్తే గ్రాండ్ హోటల్. 1902 ఏప్రిల్ 11న అందులో ఒక గదిలో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే అతను గ్రామఫోన్ యంత్రం పెట్టి ఇటలీ టెనర్ కరూసో చేత పది పాటలు పాడించాడు. దాంతో కరూసో చచ్చిపోకుండా మిగిలిపోయాడు. అదే గైస్‌బర్గ్ అదే ఏడాది చివర్లో కలకత్తా వచ్చి హిందుస్తానీ గాయని గౌహర్ జాన్ గొంతును రికార్డు చేశాడు. గయార్రె పోయింది 1890లో. పన్నెండేళ్ల తేడా! నలభై ఐదేళ్లకే పోయాడు మరి. మామూలు ఆయుష్షు ఉన్నా ఈ హోటల్ మెట్లు ఎక్కేవాడే.

రెండో రోజు, మాడ్రిడ్

పొద్దున విమానం. రెండు గంటల పైన ప్రయాణం. సెప్టెంబరు సగానికి వచ్చినా ఎండ విజయవాడను గుర్తు చేసింది.

మెట్రోలో 'ఓపెరా' అనే స్టేషన్‌లో దిగితే ఎదురుగానే తియాత్రో రియల్, ఈ ఊరి ఒపెరా థియేటర్. తమాషా ఏమిటంటే, ఆ మెట్రో తవ్వకాల దెబ్బకే పునాదులు కదిలి 1925లో ఈ థియేటర్ మూతపడింది. 1966లో కచేరీ హాలుగా తెరిచారు. మళ్లీ ఒపెరా ఆడింది 1997లో. డెబ్బై రెండేళ్లు! మన ఊళ్లలో మూతపడిన నాటకశాలలు తలుచుకుంటే, అసలు తెరిచారు కదా అనిపించింది.

1850 నవంబరు 19న ఈ థియేటర్ మొదలైంది కూడా 'లా ఫావొరిటా'తోనే. 1877 అక్టోబరులో గయార్రె ఇక్కడ తొలిసారి నిలబడి పాడింది కూడా అదే. అప్పటికి అతను విదేశాల్లో గెలిచి వచ్చినవాడు. అంతకు ముందు ఇదే ఊళ్లో జార్జువేలా కంపెనీలో కోరస్‌లో చేరితే, పనికిరావని పంపేశారని చెబుతారు. జార్జువేలా అంటే మధ్యమధ్య మాటలుండే స్పానిష్ సంగీత నాటకం. బయటివాళ్లు మెచ్చుకున్నాకే ఇంట్లోవాళ్లు గుర్తించడం ఒక్క మన దేశపు జబ్బే అనుకునేవాణ్ణి.

గైడు మమ్మల్ని లోపల తిప్పుతూ గోయా, వెలాస్కెజ్, దీపాల షాండ్లియర్ అంటోంది. నా చూపు స్టేజీ మీదే ఉంది. 1889 డిసెంబరు 8. ఆ రాత్రి ఆడింది బిజె రాసిన 'ముత్యాల వేటగాళ్లు'. కథ జరిగేది సింహళంలో. పూజారిణి, బ్రహ్మదేవుడికి మొక్కులు, ఇద్దరు స్నేహితులు, ఒకే అమ్మాయి. మనవాళ్లు చూస్తే "ఇది మన కథేనే" అంటారు. నాయకుడు నదీర్ తన ప్రియురాలి గొంతు మళ్లీ విన్నట్టుందని పాడే పాట ఒకటుంది. పెద్దగా అరిచే పాట కాదది. దూది పోగులా తేలాలి. గయార్రె అలాంటి వాటికే పేరుమోసినవాడు. శ్వాసను పట్టి స్వరాన్ని పెంచుకుంటూ వెళ్లి, మళ్లీ దారంలా సన్నగా దించుకుంటూ వచ్చేవాడట. ఒంట్లో బాగాలేకపోయినా ఆ రాత్రి పాడాడు. పై స్వరం దగ్గర గొంతు పగిలింది. మళ్లీ ఎత్తుకున్నాడు. మళ్లీ పగిలింది. "ఇక పాడలేను" అన్నాడని చెబుతారు.

జనవరి 2న న్యుమోనియాతో పోయాడు. లా స్కాలాలో గెలిచిన తేదీ కూడా జనవరి 2 కదా! లెక్కపెడితే సరిగ్గా పద్నాలుగేళ్లు. "మన జ్యోతిష్కుల చేతిలో పడితే వదులుతారా!" అంది మా ఆవిడ.

రాత్రి భోజనానికి ఏడింటికి బయల్దేరాం. హోటళ్లన్నీ తెరిచే ఉన్నాయి, వంట మాత్రం ఎనిమిదిన్నర దాకా మొదలవదట. శాకాహారం అని మూడుసార్లు చెప్పించినా, వచ్చిన చిక్కుడు గింజల గిన్నెలో పంది మాంసం ముక్కలు తేలాయి. "కొంచెమే వేశాం" అన్నాడు వడ్డించే అబ్బాయి. నేనూ అమ్మాయీ తిన్నాం. మా ఆవిడ బ్యాగులోంచి గోంగూర పచ్చడి సీసా తీసి బ్రెడ్డుకి రాసుకుంది.

మూడో రోజు, పాంప్లోనా

రైల్లో మూడు గంటల పైన. ఈ దారిలోనే 1890 జనవరిలో అతని శవపేటికను రైలెక్కించి తీసుకెళ్లారు. కిటికీలోంచి గోధుమ కోసేసిన మళ్లు, గాలిమరలు. ఉత్తరానికి వెళ్లేకొద్దీ పచ్చదనం.

పాంప్లోనా అనగానే అందరికీ గుర్తొచ్చేది జులైలో వీధుల్లో ఎద్దుల పరుగు. మేం వెళ్లింది సెప్టెంబరు, ఎద్దులూ లేవు, జనమూ లేరు. కాస్తిల్యో చౌకులో అరుగు మీద కూర్చుని కాఫీ తాగాం. ఆ చౌకులోనే ఒకప్పుడు ఊరి పెద్ద థియేటర్ ఉండేది. 1903లో దానికి గయార్రె పేరు పెట్టారు. తర్వాత కొత్త రోడ్డుకు అడ్డం వచ్చింది. మామూలుగా అయితే కూలగొట్టేస్తారు. వీళ్లు ముందు గోడను రాయి రాయిగా విప్పి పక్క వీధిలో మళ్లీ పేర్చారు. 1932లో తెరిచారు. ఇప్పటికీ నడుస్తోంది. గోడ మీద పోస్టర్లు చూస్తే ఆ వారం ఒపెరా లేదు, ఏదో కామెడీ నాటకం ఉంది.

ఈ ఊరికి అతను మొదట వచ్చింది పాడటానికి కాదు, కొట్లో పనికి. పదిహేనేళ్లకి అటూఇటూ వయసు. ఒకరోజు వీధిలో బ్యాండు మేళం వెళ్తుంటే కొట్టు వదిలేసి దాని వెనకాలే పోయాడు. తిరిగొచ్చేసరికి ఉద్యోగం లేదు. తర్వాత కొలిమి పని. ఇక్కడి పెద్ద ఇనుప కార్ఖానా యజమాని ఇంటిపేరు పినాకి. శివుడి పేరు వినబడగానే మా ఆవిడకి ఈ కథ మీద మొదటిసారి శ్రద్ధ కలిగింది. ఆ కార్ఖానాలో సుత్తి దెబ్బల మధ్య పాడుకుంటుంటే తోటి పనివాడు విని, 1865లో కొత్తగా పెట్టిన పాంప్లోనా బృందగానం సంఘానికి తీసుకెళ్లాడు. అక్కడ ఇలరియోన్ ఎస్లావా అనే పెద్ద సంగీతకారుడు విని మాడ్రిడ్ సంగీత కళాశాలకు స్కాలర్‌షిప్ ఇప్పించాడు. ఆ తర్వాత నవర్రా ప్రాంతపు ప్రభుత్వం డబ్బిచ్చి మిలాన్ పంపింది. పాంప్లోనా నుంచి మిలాన్ దాకా ఎవరో ఒకరు చెవి పెట్టి విన్నారు కాబట్టే అతను వెళ్లగలిగాడు. ఈ వరుసలో నాకు అందరికంటే పెద్దవాడు ఆ పేరు లేని... కాదు, పేరుంది, కొన్రాదో గార్సియా. సుత్తి పక్కన పెట్టి విన్న కమ్మరి.

సాయంత్రం తకొనేరా తోటలో గయార్రె స్మారకం చూశాం. 1950లో పెట్టారు. చెక్కింది ఫ్రుక్తువోసో ఓర్దునా, అతనిదీ రోంకాలే. చెట్ల కింద ముసలివాళ్లు కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు.

ఈ ఊరి సొంత బిడ్డ ఇంకొకడున్నాడు, వయొలిన్ విద్వాంసుడు సరసాతే. ఇద్దరూ పుట్టింది 1844లోనే, రెండు నెలల తేడాతో. ఇద్దరూ లోకమంతా తిరిగారు. సరసాతే 1904లో రికార్డులిచ్చాడు. గరగరమంటూ ఉంటుంది కానీ అతని కమాను ఇప్పటికీ వినొచ్చు. ఆ రాత్రి హోటల్ గదిలో ఫోన్‌లో విన్నాం. అరవై ఏళ్ల మనిషి, ఎంత వేగం! అమ్మాయి "దీని పక్కన గయార్రె పాడి ఉంటే ఎలా ఉండేదో" అంది. ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు.

నాలుగో రోజు, లుంబియెర్ మీదుగా రోంకాల్

అద్దె కారు. అమ్మాయి డ్రైవింగ్. ముందు రోజు బుక్ చేసిన చిన్న కారు లేదని, వాళ్ల దగ్గరున్న పెద్ద వ్యాను అంటగట్టారు. కొండ దారుల్లో దాన్ని తిప్పుతుంటే మా ఆవిడ ఆంజనేయ దండకం ఆపలేదు.

దారిలో లుంబియెర్. గయార్రె కొలిమి పని నేర్చిన ఊరు. ఊరి పక్కన ఇరాతి నది కొండను నిలువుగా కోసుకుంటూ పోయిన లోయ ఉంది. ఒకప్పుడు దాని గుండా రైలు నడిచేది. ఇప్పుడు పట్టాలు లేవు, నడిచే దారి, రెండు చీకటి సొరంగాలు. పైన రాబందులు. నెమ్మదిగా రెక్క కదపకుండా తిరుగుతుంటాయి.

మొదటి సొరంగంలో ఫోన్ లైటు వేసుకుని నడుస్తున్నాం. ఎవరూ లేరు. నాకెందుకో మా నాన్న పద్యం పాడాలనిపించింది. ఎత్తుకున్నాను. మొదటి పాదం బాగానే సాగింది, గోడలు కూడా సాయం పట్టాయి. రెండో పాదంలో రాగం తీయబోతే కీచుమంది. అదే క్షణంలో అవతలి నుంచి సైకిళ్ల మీద నలుగురు స్పానిష్ కుర్రాళ్లు వచ్చి, చప్పట్లు కొట్టి వెళ్లిపోయారు. మా అమ్మాయి నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది.

సాయంత్రానికి రోంకాల్. ఎస్కా నది పక్కన రాతి ఇళ్లు, గులకరాళ్లు పరిచిన సందులు, పైన చర్చి. చలి. రాత్రి తిన్నది గొర్రెపాల చీజు. ఈ లోయ పేరుతోనే దొరుకుతుంది. ఊరి పేరును చట్టపరంగా కాపాడే గుర్తింపు స్పెయిన్ చీజుల్లో మొదట వచ్చింది దీనికే, 1981లో. గట్టిగా, కాస్త ఘాటుగా ఉంది. మా ఆవిడకు మాడ్రిడ్ కష్టం ఇక్కడ తీరింది.

ఐదో రోజు, రోంకాల్

మ్యూజియం అతను పుట్టిన చోటే ఉంది. పాత ఇల్లు తీసేసి అతనే కట్టించిన ఇల్లు. లోపల వేషాల దుస్తులు, ఫొటోలు, స్వరాల పుస్తకాలు, ఊరూరా ఇచ్చిన బహుమతులు. గోడల వెంట నడుస్తుంటే అతని జీవితమంతా కళ్లముందు వెళ్తుంది. 1876లో బ్యూనస్ ఐరిస్. 1877లో లండన్. 1882లో రోమ్, దోనిజెట్టి సగంలో వదిలేసి పోయిన ఒపెరాను పూర్తిచేసి ఆడించినప్పుడు నాయకుడు ఇతనే. ఆ థియేటర్ కూడా ఇప్పుడు లేదు, తర్వాత కొన్నేళ్లకే టైబర్ నదికి గట్టు కట్టడానికి పడగొట్టారు. 1886లో పారిస్, అక్కడ ఆడిన ఒపెరాలో వేషం వాస్కో డ గామాది. మనకు ఆ పేరు వింటే వేరే గుర్తొస్తుంది, అక్కడ మాత్రం ప్రేమ పాటలు పాడే హీరో.

వీటన్నిటి మధ్య నన్ను ఆపింది ఒక ఉత్తరం సంగతి. లోకమంతా ఇటాలియన్‌లో పాడిన మనిషి, 1884లో ఊళ్లో ఉన్న తన పిన్నికి ఈ లోయ యాసలోనే, ఇక్కడి సొంత భాష బాస్క్‌లో ఉత్తరం రాశాడు. ఆ యాస మాట్లాడిన చివరి మనిషి 1991లో చనిపోయింది.

అప్పుడు ఆ సీసా. పోయాక డాక్టర్లు కోసి చూశారు, అంత గొంతు ఎక్కణ్ణించి వచ్చిందో తెలుసుకుందామని. తీసిన స్వరపేటికను దాచారు. నేనేదో అనుకున్నాను. చిన్నది. పాలిపోయి, మాంసపు ముక్కలా ఉంది. అంతే. మా ఆవిడ చూసి కళ్లు మూసుకుంది. "పాపం, కాల్చకుండా పూడ్చకుండా ఇదేం పని! ఆత్మకు శాంతి ఉంటుందా?" అంది. అమ్మాయి, "అమ్మా, సైన్స్ కోసం" అంటే, "వీణ పగలగొట్టి చూస్తే రాగం దొరుకుతుందా?" అని బయటికి వెళ్లిపోయింది. నాకు సమాధానం తోచలేదు. అయినా ఇంకో పది నిమిషాలు అక్కడే నిలబడ్డానని ఒప్పుకుంటాను.

అతని జీవితం మీద స్పెయిన్‌లో రెండు సినిమాలు వచ్చాయి. 1959లో అతని వేషం వేసింది ఆల్ఫ్రెడో క్రాస్, 1986లో హోసె కరేరాస్. ఇద్దరూ ప్రపంచం మెచ్చిన స్పానిష్ టెనర్లే. తెలుగు సినిమాలో గొంతు లేని నటుడికి గాయకుడు గొంతు అరువిస్తాడు. ఇక్కడ గాయకుడికే గాయకులు అరువివ్వాల్సి వచ్చింది.

శ్మశానం ఊరి బయట, వాలు మీద. గేటు తోస్తే మామూలు పల్లెటూరి సమాధులు. వాటి మధ్య పాలరాయి, కంచు కలిసిన ఇంత ఎత్తు కట్టడం! చెక్కింది మరియానో బెన్యూరె. ఊరికి తేకముందు 1900లో పారిస్ ప్రదర్శనలో పెట్టారు, అక్కడ శిల్పికి గౌరవ పతకం వచ్చింది. మరుసటి ఏడు ఇక్కడికి చేరింది. మెట్ల మీద సంగీతం అనే స్త్రీ తల వాల్చి ఏడుస్తోంది. ఇద్దరు స్త్రీలు శవపేటికను పైకెత్తి పట్టుకున్నారు. పేటిక మీద కీర్తి అనే రెక్కల బొమ్మ వంగి, మూతకు చెవి ఆనించి ఉంది. లోపల ఇంకా పాట వినబడుతుందేమోనని.

నేను చూసిన సమాధుల్లో ఇంత తెలివైన బొమ్మ మరొకటి లేదు. సీసా చూపించలేనిదాన్ని బెన్యూరె ఆ ఒక్క చెవితో చెప్పేశాడు. మా ఆవిడ చెప్పులు విప్పి, పక్కన కోసిన రెండు గడ్డిపూలు మెట్టు మీద పెట్టింది.

వచ్చేటప్పుడు ఊరి బడి, పెలోటా ఆడే గోడ చూశాం. పెలోటా అంటే గోడకేసి బంతి కొట్టే బాస్క్ ఆట. రెండూ గయార్రె డబ్బుతో కట్టించినవే. పిల్లలిద్దరు అరచేత్తో బంతి కొడుతున్నారు, ఆ చప్పుడు సందుల్లో మోగుతోంది.

ఆరో రోజు, కొండ పైకి

ఇసాబా దాటి బెలాగువా మీదుగా సరిహద్దు దాకా వెళ్లాం. అక్కడ 262వ నంబరు సరిహద్దు రాయి ఉంటుంది. ప్రతి జులై 13న ఫ్రాన్స్ వైపు లోయవాళ్లు ఇటువైపు లోయవాళ్లకు మూడు ఆవులు ఇస్తారు. 1375 నాటి ఒప్పందమట. మేం వెళ్లేసరికి గాలి, పొగమంచు తప్ప ఏమీ లేవు.

దిగేటప్పుడు రోడ్డు నిండా గొర్రెలు. ఈ రోజుల్లో వాటిని కొండ మీంచి దక్షిణాన బార్దెనాస్ మైదానాలకు తోలుకెళ్తారు. సెప్టెంబరు 18న అక్కడ అడుగుపెట్టాలని పాత కట్టుబాటు. గయార్రె కూడా చిన్నప్పుడు ఈ లోయలో గొర్రెలే కాశాడు. అమ్మాయి ఇంజన్ ఆపేసింది. మెడ గంటలు ఒక్కోటి ఒక్కో శ్రుతిలో. వెనకాల కాపరి గొంతెత్తి ఒక కూత పెట్టాడు. అవతలి కొండ దాన్ని తిరిగి పలికింది. కుక్క ఒకటి మా వ్యాను చక్రం దగ్గర కాలెత్తి పని కానిచ్చుకుని పోయింది.

"తాతయ్య ఆ పద్యం ఏ రాగంలో పాడేవాడు నాన్నా?" అమ్మాయి అడిగింది.

"మోహన" అన్నాను. కాసేపాగి, "కాదు, కాంభోజి అనుకుంటా."

వెనక సీట్లోంచి మా ఆవిడ, "మీ అమ్మ బిలహరి అని చెప్పేది" అంది.

గొర్రెలు ఇంకా వస్తూనే ఉన్నాయి.